అరువు బట్టల్లో నెవ్‌రోజ్, వేపపువ్వు లేని ఉగాది

మొన్న కాముని పున్నమి రాత్రి మా వాడకట్టు పిల్లలు కాముణ్ణి కాల్చడానికి బొడ్రాయి దగ్గర కట్టెలు, పిడకలు, విరిగిన మంచపు కోళ్లు పేర్చారు. సాయంత్రం కురిసిన జల్లుకు కట్టెలు తడిసి ఎంతకూ అంటుకోకపోవడంతో, ఒక కుర్రవాడు ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తి, గోనెపట్టాను డీజిలులో ముంచి తెచ్చి, కర్రకు చుట్టి నిప్పు పెట్టాడు. అరుగు మీద కూర్చున్న నాకు ముందుగా తెలిసింది మంట కాదు. డీజిలు తాగిన గోనె కాలేటప్పుడు వచ్చే, గొంతును సన్నగా మండించే ఆ నల్లటి వాసన. పక్కనున్న పెద్దాయన నన్నేదో అడుగుతున్నాడు. నేను మాత్రం ఎన్నో ఏళ్ల వెనుక, ఇరాక్‌లోని కుర్దిస్తాన్‌లో, కుర్దుల కొత్త సంవత్సరపు పండుగ నెవ్‌రోజ్ ముందటి రాత్రి, ఆక్రె అనే ఊరి కొండ మీద, అరువు బట్టల్లో నిలబడి ఉన్నాను.

మా జగిత్యాల, నిజామాబాదు వైపు ఇంటికొక మనిషి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉండడం కొత్త సంగతి కాదు. ఇరాక్ అనగానే మాత్రం మా అమ్మ అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. అది బాగ్దాదు కాదని, ఉత్తరాన కుర్దులు తమ పాలన తాము చేసుకునే ప్రాంతమని, ఎర్బిల్ అనే ఊరిలో పెద్దపెద్ద భవనాలు కడుతున్నారని, అక్కడ మన జిల్లాల వాళ్లు ఇప్పటికే వందల మంది ఉన్నారని ఎంత చెప్పినా ఆమెకు టీవీలో చూసిన ఇరాకే ఇరాక్. నేను ఒక నిర్మాణ సంస్థలో స్టోర్‌కీపరుగా చేరాను. ఊరి నడుమ ఎత్తైన దిబ్బ మీద పాత కోట, దాని చుట్టూ గుండ్రంగా తిరిగే రోడ్లు, ఆ రోడ్లకు అరవై మీటర్లు, నూరు మీటర్లు అని వెడల్పును బట్టి పేర్లు. ఇది కొలతలు రాసుకునే వాడికి తగిన ఊరే అని మొదటి వారంలోనే అనుకున్నాను.

మా సామాను తెచ్చే లారీ డ్రైవరు ఎర్బిల్ వాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద కావడంతో అందరిలాగే నేనూ అతన్ని కాకా అనే పిలిచేవాణ్ణి. కుర్దీలో కాకా అంటే అన్న. మాకిద్దరికీ పూర్తిగా వచ్చిన ఉమ్మడి భాష ఏదీ లేదు. నాకు ఇంట్లో పుట్టిన తెలుగు, ఊళ్లో అబ్బిన ఉర్దూ ఉన్నాయి. అతనికి కుర్దీ, అరబీ, హిందీ సినిమాల నుంచి ఏరుకున్న నాలుగు మాటలు ఉన్నాయి. దోస్త్, గరం, సర్ద్, బజార్, నాన్ వంటి మాటలు రెండు వైపులా ఒకటే కాబట్టి, వాటి మీద కాళ్లు పెట్టుకుంటూ వాగు దాటినట్టు సంభాషణ దాటేవాళ్లం. పని ముగించుకుని పోతున్నవాడు ఎదురైతే అక్కడ "మాందూ నబీ" అంటారు. అలసిపోకు అని దాని అర్థం. నమస్కారం స్థానంలో ఇంత మంచి మాట ఉన్న చోట కూలివాడు బతకగలడని నాకు అనిపించేది.

*

ఒక మార్చి నెల మూడో వారంలో కాకా నా స్టోరు కిటికీ దగ్గరికి వచ్చి, కాటన్ వేస్టు ఒక మూట, బైండింగు వైరు రెండు చుట్టలు, పాత గోనెలు ఎన్ని ఉంటే అన్ని కావాలని అడిగాడు. ఇష్యూ స్లిప్పులో ఏ పనికి అని రాసుకునే గడి ఒకటి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలితే నెలాఖరులో నా మెడకు చుట్టుకుంటుంది. ఏమని రాయమంటావని అడిగితే, అతను చాలా గంభీరంగా "నెవ్‌రోజ్ అని రాయి" అన్నాడు. నేను తెలుగు యాసలోని ఇంగ్లీషులో అదే రాశాను. దాని మీద సంతకం పెట్టిన మేనేజరు కూడా కుర్దు కాబట్టి, గడిని చూసి నవ్వి, ఇంకొక చుట్ట వైరు కలిపి ఇమ్మన్నాడు.

ఆ సాయంత్రం సైటు వెనుక షెడ్డులో దివిటీలు కట్టడం చూశాను. చూశాను అనడం కంటే కట్టాను అనడం సరైన మాట. జానెడు తక్కువ నిలువెత్తున కోసిన సలాకలను కాకా వరుసగా గోడకు ఆనించాడు. ఒక్కొక్క సలాక కొనకు ముందు కాటన్ వేస్టును ఉండలా పట్టించి, దాని మీద గోనె పేలికలను ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేటట్లు, తలపాగా చుట్టినట్టు బిగువుగా చుట్టాలి. తరువాత బైండింగు వైరును కింది నుంచి పైకి, మళ్లీ పై నుంచి కిందికి గళ్లుగళ్లుగా తిప్పి, సలాకలు కట్టేవాళ్లు వాడే కొక్కెంతో మెలిపెట్టాలి. మెలిక వదులైతే కొండ ఎక్కుతుండగా మండే గుడ్డ ఊడి వెనుకనున్నవాడి నెత్తిన పడుతుంది. అన్నీ కట్టాక వాటిని డీజిలు పీపాలో ఒక రాత్రంతా నానబెట్టి, తెల్లవారి తలకిందులుగా వేలాడదీయాలి. కారాల్సిందంతా కారిపోయిన దివిటీయే నిలకడగా మండుతుందని, తొందరపడి తడి దివిటీని వెలిగించినవాడి చేయి కాలుతుందని అతను నాకు సైగలతో, మాటలతో నాలుగుసార్లు చెప్పాడు. నేను నాలుగుసార్లు తల ఊపాను. ఊపిన తల ఊపినట్లే ఉంది, పాఠం ఒంటికి పట్టలేదని తరువాత తేలింది.

కాకా అత్తవారి ఊరు ఆక్రె. నెవ్‌రోజ్ ముందటి రాత్రి, అంటే మార్చి 20న, కుర్దిస్తాన్‌లో ప్రతి ఊరూ మంట వేస్తుంది గాని, ఆక్రెలో ఊరికి ఊరే దివిటీలు పట్టుకుని కొండ ఎక్కుతుందని, అది చూడనివాడు నెవ్‌రోజ్ చూడనట్టేనని అతని మాట. నాకు నాలుగు రోజులు సెలవు ఉంది. గదిలో ఉండి చేసేది బట్టలు ఉతుక్కోవడమే. నేనూ వస్తానన్నాను. "సర్ చావ్" అన్నాడు. నా కళ్ల మీద అని ఆ మాటకు అర్థం. మనం నెత్తిన పెట్టుకుంటాం అంటాం చూడండి, వాళ్లు కళ్ల మీద పెట్టుకుంటారు.

*

ఆక్రెకు సుమారు రెండు గంటల దారి. మధ్యలో జాబ్ నది దాటాలి. మన దగ్గర వేసవి మొదలై చెరువులు అడుగంటే నెలలో అక్కడ గుట్టలన్నీ పచ్చబడి, గోధుమ చేల గట్ల మీద ఎర్రటి గడ్డిపూలు పూసి ఉండడం చూసి నేను కిటికీ నుంచి తల తిప్పలేదు. చెక్‌పోస్టును వాళ్లు సైతరా అంటారు. అక్కడి సిపాయి నా ఇకామా కార్డు, అంటే నివాస అనుమతి పత్రం, చూసి "హిందీ?" అని, అంటే భారతీయుడివా అని అడిగి, వెంటనే "అమితాబ్ బచ్చన్!" అని తుపాకి భుజానికి సర్దుకుంటూ చెయ్యి కలిపాడు. అక్కడున్నంత కాలం ఆ మహానుభావుడి పేరు నాకు రెండో ఇకామాగా పనిచేసింది.

దారిలో కాకా పండుగ కథ చెప్పాడు. జుహాక్ అనే దుర్మార్గపు రాజు ఉండేవాడు. అతని రెండు భుజాల మీద రెండు పాములు మొలిచాయి. వాటి ఆకలి తీరాలంటే రోజుకు ఇద్దరు యువకుల మెదళ్లు కావాలి. వంటవాళ్లు జాలిపడి, ఇద్దరిలో ఒకరిని తప్పించి, ఆ మెదడు బదులు గొర్రె మెదడు కలిపి పెట్టేవారు. తప్పించుకున్న పిల్లలు కొండల్లోకి పారిపోయి అక్కడే పెరిగారు. వాళ్ల సంతతే కుర్దులు. చివరికి బిడ్డలను పోగొట్టుకున్న కావా అనే కమ్మరి తన సమ్మెటతో రాజును కొట్టి చంపి, ఊళ్లకు తెలిసేలా కొండ మీద మంట వెలిగించాడు. కావాకు ఎందరు కొడుకులన్నది చెప్పేవాడిని బట్టి మారుతుంది. కాకా చెప్పిన లెక్కను అతని భార్య వెనుక సీటు నుంచి సరిదిద్దింది, ఆక్రె చేరాక ఆమె తండ్రి ఇంకొక లెక్క చెప్పాడు. ఇరానీ కవి ఫిర్దౌసి చెప్పిన తీరులో కమ్మరి తన తోలు గుడ్డను జెండాగా ఎత్తుతాడు, రాజును మాత్రం ఫరీదూన్ బంధించి దమావంద్ కొండలో వేస్తాడు. కుర్దులకు ఆ ముగింపు చాలదు. చంపవలసింది కమ్మరే. నరకాసురుణ్ణి చంపింది సత్యభామా, కృష్ణుడా అని మన ఇళ్లలోనూ దీపావళికి వాదన నడుస్తుంది కాబట్టి, నాకు అందులో వింతేమీ కనిపించలేదు. నాకు ఆ కథలో నచ్చింది వంటవాళ్లు. రాజును కొట్టే బలం లేనప్పుడు రోజుకొక ప్రాణాన్ని దొంగలెక్క రాసి కాపాడడం స్టోర్‌కీపరుకు బాగా అర్థమయ్యే సాహసం.

*

ఆక్రెలో ఇళ్లు కొండ వాలు మీద మెట్లుమెట్లుగా ఉంటాయి. పై ఇంటివాళ్ల వాకిలి కింది ఇంటివాళ్ల కప్పు పక్కనే ఉంటుంది. మేము చేరేసరికి ఇంటినిండా చుట్టాలు. కాకా మామగారు నన్ను ఎగాదిగా చూసి, ప్యాంటు చొక్కాతో నెవ్‌రోజ్‌కు వచ్చినవాణ్ణి తన ఇంటి నుంచి కొండకు పంపనని చెప్పాడు. లోపలి నుంచి ఒక జత కుర్దీ బట్టలు వచ్చాయి. బుడగలాగా వదులైన షర్వాల్, దాని లోపలికి దోపిన పై అంగీ, వాటిని నడుము దగ్గర కలిపి కట్టే పిష్తేన్. పిష్తేన్ అంటే ఎన్నో మూరల పొడవున్న గుడ్డ. దాన్ని మనంతట మనం చుట్టుకోలేం. ఒక కొసను బావమరిది గుమ్మం దగ్గర బిగువుగా పట్టుకున్నాడు. రెండో కొసను నా నడుముకు ఆనించి, నన్ను బొంగరంలా తిరుగుతూ అతని వైపు రమ్మన్నారు. నేను తిరుగుతుంటే గది, చుట్టాలు, గోడ మీది గడియారం, నవ్వు ఆపుకుంటున్న పిల్లలు అన్నీ తిరిగాయి. చివరి మూర దగ్గర తూలి పడబోతే ముసలాయన పట్టుకుని, మడతల్లోకి తన వేళ్లు పోనిచ్చి సర్ది, వెనక్కి జరిగి చూసి "ఇప్పుడు సరిపోయింది" అన్నట్టు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మా పెళ్లిలో నాకు తలపాగా చుట్టిన మేనమామ కూడా సరిగ్గా అలాగే వెనక్కి జరిగి చూశాడు.

పిల్లలు నన్ను "మామో, మామో" అని పిలుస్తుంటే మొదట ఎవరో తెలుగు నేర్పారేమో అనుకున్నాను. కుర్దీలో మామ్ అంటే తండ్రి అన్నో తమ్ముడో; మేనమామను ఖాల్ అంటారు. పిలుపు ఒకటే, చుట్టరికం అటుదిటు అయింది. నాకు ఆ తేడాను ఎవరికీ వివరించాలనిపించలేదు.

చీకటి పడుతుండగా మసీదు నమాజు ముగిసింది. ఒక్కొక్క గల్లీ నుంచి మనుషులు దివిటీలతో బయటికి వచ్చారు. ఆడవాళ్ల పొడవాటి బట్టల మీది తళుకులు, ఒక దివిటీ వెలుగు పక్కదాని మీద పడినప్పుడల్లా, చేప పొలుసుల్లా మెరిశాయి. దహోల్ మోగింది. దహోల్, జుర్నా అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మన డోలు సన్నాయి పెళ్లి ఊరేగింపు ముందు నడిస్తే కాలు దానంతట అది ఎలా కదులుతుందో అక్కడా అలాగే కదిలింది. ఒకరి దివిటీ నుంచి ఇంకొకరు వెలిగించుకుంటూ, కొండ కాలిబాట వెంట వంకరటింకరగా ఎక్కసాగాం. కొంత ఎక్కి వెనక్కి చూస్తే, మనుషులు కనపడటం మానేసి నిప్పు గీత ఒక్కటే ఊరిలో మొదలై నా కాళ్ల దగ్గరికి వస్తున్నది. పైకి చూస్తే అదే గీత నన్ను దాటి శిఖరం దాకా పోతున్నది. పైన వేసిన పెద్ద మంట గాలికి ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేస్తున్నది. అన్ని దివిటీల పొగ ఒకేసారి పీల్చినప్పుడు కలిగిన గొంతు మంటే మొన్న అరుగు మీద నన్ను పట్టుకున్నది.

నా దివిటీ తడిదని నాకు అక్కడ తెలిసింది. ముందు రోజు ఉదయం వేలాడదీయవలసిన వాటిలో నాది పీపా అడుగున ఉండిపోతే, బయలుదేరే ముందు తీసి అలాగే తెచ్చాను. సగం కొండ ఎక్కేసరికి మండే చుక్కలు రాలడం మొదలైంది. ఒకటి నా చెప్పు మీద, ఒకటి రాయి మీద, మూడోది ఆ అరువు పిష్తేన్ మీద పడింది. కాకా అరచేత్తో తట్టి ఆర్పాడు గాని, అప్పటికే అర్ధరూపాయి బిళ్లంత రంధ్రం పడింది. ఇంటికి వచ్చాక నేను దాన్ని ముసలాయన ముందు పెట్టి, కొత్తది కొనిస్తానని కాకా చేత చెప్పించాను. ఆయన రంధ్రంలోంచి వేలు పెట్టి చూసి, కావా తోలు గుడ్డకు నిప్పురవ్వల రంధ్రాలు ఎన్ని ఉండి ఉంటాయో లెక్క పెట్టావా అని అడిగి, దాన్ని మడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ మాట ఇంటినిండా తిరిగి మరునాటికి నా పేరు కావా అయింది.

*

మార్చి నెల అక్కడివాళ్లకు పండుగ నెల మాత్రమే కాదు. నెవ్‌రోజ్‌కు ఐదు రోజుల ముందు, 16వ తేదీన, సైటులో కాసేపు క్రేన్లు ఆగిపోయేవి. 1988లో అదే రోజున సద్దాం విమానాలు హలబ్జా ఊరి మీద విషవాయువు బాంబులు వేస్తే దాదాపు 5,000 మంది చనిపోయారు. మొదటి ఏడు నేను క్రేన్ చెడిపోయిందనుకుని స్పేరు కోసం ర్యాకులు వెతకడం మొదలుపెట్టాను. స్టోరు కిటికీలోంచి చూస్తే మేస్త్రీలు తాపీలు కింద పెట్టి, చేతులు ముందు కట్టుకుని, ఎండలో నిలబడి ఉన్నారు. ఆ నిలబడినవాళ్లే మరో రెండు రోజులకు కాటన్ వేస్టు కోసం నా కిటికీ ముందు వరుస కట్టారు.

ఆ నెవ్‌రోజ్ తరువాతి ఏడాది పొడుగునా మంచి కబురు తక్కువ. బాగ్దాదు నుంచి డబ్బు ఆగిపోయి ఎర్బిల్‌లో జీతాలు ఆలస్యమయ్యాయి. 2014 జూన్‌లో ఐసిస్ మూకలు మోసుల్‌ను పట్టుకున్నాయి. ఆగస్టులో అవి ఎర్బిల్‌కు ముప్పావు గంట దూరం దాకా వచ్చినప్పుడు మా గదిలోని పదకొండు మందిలో ఎనిమిది మంది టికెట్లు కొనుక్కుని వెళ్లిపోయారు. నేను ఉండిపోవడానికి ధైర్యం కారణం కాదు. నాకు రావలసిన ఐదు నెలల జీతం కారణం. సగం కట్టిన భవనాలు సలాకలు బయటపెట్టుకుని అలాగే నిలిచిపోయాయి. వాటిలోనే, గోడలు లేని అంతస్తుల్లో, సింజార్ నుంచి, మోసుల్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు దుప్పట్లు కట్టుకుని కాపురాలు పెట్టారు. నా రిజిస్టరులో ఇష్యూ చేయడానికి సిమెంటు లేదు గాని, టార్పాలిన్లు మాత్రం చాలా పోయాయి. కాకా తమ్ముడు కుర్దుల సైన్యమైన పేష్‌మెర్గాలో చేరాడు. ఆ మాటకు చావుకు ఎదురు నిలిచేవాడని అర్థం.

*

2015లో ఒక చిత్రం జరిగింది. ఉగాది, నెవ్‌రోజ్ ఒకే రోజున, మార్చి 21న వచ్చాయి. వాళ్లది సూర్యుణ్ణి బట్టి లెక్క కాబట్టి, పగలు రాత్రి సమానమయ్యే వేళకు వస్తుంది, కదలదు. మనది చంద్రుణ్ణి బట్టి కాబట్టి మార్చికి, ఏప్రిలుకు మధ్య తిరుగుతూ ఉంటుంది. మనకు మన్మథ నామ సంవత్సరం. వాళ్ల లెక్కలో 2715. క్రీస్తు శకానికి 700 కలిపితే కుర్దుల సంవత్సరం వస్తుంది. ఫోన్లో అమ్మ "రేపు ఉగాది, ఏమన్నా తీపి తిను" అన్నప్పుడే నాకు ఈ కలయిక తెలిసింది. మన దేశంలో పార్సీలు ఈ రోజునే నవ్‌రోజ్ అంటారని కాకాకు చెప్పాను. ఇప్పుడైతే ఇంకొకటి కూడా చెప్పేవాణ్ణి. 2009లో యునెస్కో ఈ పండుగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు దానిని కోరిన ఏడు దేశాల్లో భారతదేశం ఉంది. ఇరాక్ పేరు 2016లో గాని చేరలేదు.

ఆ ఏడు కొండకు పోలేదు. తమ్ముడు సరిహద్దున ఉండగా దివిటీ పట్టుకోవడం కాకా అమ్మగారికి ఇష్టం లేదు. వంట మాత్రం మానలేదు. వంట మానితే వాడికి కీడు చేసినట్లవుతుందని ఆమె పట్టు. ఆమెను ఇంట్లో అందరూ పిలిచినట్టే నేనూ దాయె అనేవాణ్ణి, అమ్మ అని. షక్లావా దగ్గర, సఫీన్ కొండ కింద, ఆమె పుట్టింటివారి తోటలో సైరాన్ పెట్టారు. సైరాన్ అంటే మన వనభోజనాలు. కాకపోతే వనభోజనాలకు ఒక ఊరు పోతుంది, నెవ్‌రోజ్ సైరాన్‌కు దేశం మొత్తం పోతుంది. దారిలో పీర్మామ్ అనే ఊరి ఎక్కుడు మీద కార్లు ఒకదాని వెనుక ఒకటి ఇంజన్లు ఆపుకుని నిలబడి ఉంటే, జనం కార్లలోంచి దిగి రోడ్డు మీదే చేతులు కలిపి ఆడుతున్నారు.

ముందు రోజు నేను కోట కింది ఖైసరీ బజారుకు వెళ్లి ఉగాది పచ్చడి సామాను వెతికాను. చింతపండు తేలికగా దొరికింది. అక్కడ దాని పేరు తమర్ హిందీ, హిందూదేశపు ఖర్జూరం అని. అంగడివాడు హిందీవాడు హిందీ ఖర్జూరం కొంటున్నాడని పక్క అంగడికి కేక వేసి చెప్పాడు. బెల్లం లేదు; దాని బదులు దోషావ్ తీసుకున్నాను. ద్రాక్షరసాన్ని కాచి పాకం చేసిన నల్లటి ద్రవం అది. మామిడికాయ బదులు పుల్లటి ఆకుపచ్చ ఆపిలు. ఉప్పు, కారం ఎక్కడైనా ఉంటాయి. ఆగిపోయింది వేపపువ్వు దగ్గర. ఎంత తిరిగినా చేదు దొరకక, చివరికి మెంతులు కొని రాత్రంతా నానబెట్టాను.

తోటలో కంబళ్ల మీద అందరూ కూర్చున్నాక, దాయె పెద్ద దేగిసాను పళ్లెం మీద బోర్లించింది. ఆ వంటకం పేరు యాప్రాఖ్. ఉల్లిపొరల్లో, వంకాయల్లో, నిరుటి ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం, పచ్చి ఆకుకూర కూరి, అడుగున ఎముకల మాంసం పరిచి, నెమ్మదిగా ఉడికించింది. దేగిసాను ఎత్తిన క్షణాన ఆవిరి తగ్గి, చుట్లు విరగకుండా గోపురంలా నిలిస్తే వండినావిడకు అందరూ ఒకేసారి "దస్త్ ఖోష్" అంటారు. చేతులు చల్లగా ఉండాలి అన్నట్టు. నేను చిన్న గిన్నెలో తెచ్చిన నల్లటి పచ్చడిని చూసి ఎవరూ ఏమీ అనలేదు. కాకా కూతురు మాత్రం ముక్కు మూసుకుంది.

ఆరు రుచులు కలిపి ఏడాది మొదటి రోజున తింటామని, ఇందులో చేదు తప్పనిసరి అని నాకు వచ్చిన కుర్దీలో చెప్పాను. కాకా దాన్ని సరైన కుర్దీలో తల్లికి చెప్పాడు. ఆమె కాసేపు గిన్నెలోకి చూసి అడిగింది: "కావాలని తింటారా? మీ దేశంలో చేదుకు అంత కరువా?"

నవ్వినవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది. 1991 మార్చిలో కుర్దులు సద్దాం మీద తిరగబడి, నెవ్‌రోజ్ నాటికి కిర్కుక్ నగరాన్ని కూడా చేతికి తెచ్చుకున్న సంగతి, పది రోజులు తిరగకముందే ట్యాంకులూ హెలికాప్టర్లూ వెనక్కి వచ్చిన సంగతి, లక్షల మంది మంచు కొండల మీదుగా ఇరాన్ వైపు, టర్కీ వైపు పారిపోయిన సంగతి నేను అంతకుముందే విన్నాను. ఆ వలసలో ఆమె ఇద్దరు పిల్లలతో ట్రాక్టరు ట్రాలీలో, ఇరాన్ సరిహద్దున ఉన్న హాజీ ఒమ్రాన్ దారి పట్టింది. కాకాకు అప్పుడు ఆరేళ్లు. అతనికి గుర్తున్నది చలి కాదు, ఆకలి కాదు. ఎక్కడ దిగితే అక్కడ కాల్చవచ్చని అమ్మ రొట్టె పిండి ముద్దను చంటిబిడ్డతో పాటు కొంగు కింద పెట్టుకుంటే, తమ్ముడికి పాలవాసన బదులు పులిసిన పిండి వాసన వచ్చేదట. ఆ తమ్ముడే ఇప్పుడు సరిహద్దున ఉన్నాడు.

ఆమె చెంచాతో తీసుకుని నోట్లో వేసుకుంది. అందరం ఆమె ముఖం చూస్తున్నాం. మింగి, నాలుక పైపెదవికి తాకించి, "తీపి ఎక్కువైంది" అంది. మరో రెండు చెంచాలు తిన్నది. తరువాత ఖాళీ అయిన ఊరగాయ సీసా ఒకటి తెప్పించి, మిగిలినదంతా అందులోకి వంచి, మూత బిగించి, చిన్నవాడి వంతు అని పక్కన పెట్టింది.

*

భోజనాల తరువాత ఇస్తికాన్లనే చిన్న గాజు గ్లాసుల్లో, సగం చక్కెర పోసిన నల్లటి చాయ్ వచ్చింది. చిదుగుల మంట మీద కాగిన ఆ చాయ్‌కు పొగ వాసన ఉంటుంది. గ్యాసు పొయ్యి మీద ఎంత ప్రయత్నించినా నాకు అది రాలేదు. అప్పటికే పక్క తోటలో హల్‌పర్కె మొదలైంది. మగవాళ్లు, ఆడవాళ్లు చిటికెనవేళ్లు పెనవేసుకుని, భుజానికి భుజం తాకేలా అర్ధచంద్రంలా నిలబడి, రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, ఒక కాలు నేలకు తాటించి కదులుతారు. వరుసకు ముందున్నవాణ్ణి సర్చోపి అంటారు. రుమాలు అతని చేతిలో ఉంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే మా ఆడవాళ్ల అడుగు ఇంతకంటే నెమ్మది. అయినా ఎవరూ ఎవరికంటే ముందుకు పోకుండా వలయం మొత్తం ఒకే ప్రాణిలా ఊగడం రెండింటిలోనూ ఒకటే.

కాకా, అతని భార్య, బావమరుదులు, నేను వరుసలో ఉండగా కాకా ఫోను మోగింది. వైబర్ వీడియో కాల్‌లో తమ్ముడు. మట్టి బస్తాల ముందు కూర్చున్నాడు; గడ్డం పెరిగింది; వెనుక ఎవరో నిప్పు మీద కెటిల్ పెడుతున్నారు. అక్కడ వాళ్లూ చిన్న మంట వేసుకున్నారట. కాకా వరుసలోంచి బయటికి రాలేదు. ఫోనును తన ఎడమ అరచేతిలో పెట్టి, నా కుడి అరచేతిని దాని మీద మూసి, తెర ముందుకు ఉండేలా మా రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. అలా ఒక పాట పూర్తయ్యేదాకా తమ్ముడు మా ఇద్దరి మధ్య ఆడాడు. అతనికి కనిపించింది ఊగే గడ్డి, చెట్లు, ఎవరివో చెప్పులు మాత్రమే అయి ఉండాలి. దాయె ఎదురుగా కూర్చుని చప్పట్లు కొట్టింది. సిగ్నల్ పోయాక కూడా ఆ పాట అయ్యేవరకు మేము చేతులు విడదీయలేదు. ఫోను నా అరచేతిలో చాలా వేడిగా ఉండడం గుర్తుంది.

*

ఆ వేసవిలోనే నేను తిరిగి వచ్చేశాను. ఐదు నెలల జీతంలో రెండు నెలలది వచ్చింది. మిగిలినది రాలేదు, ఇక రాదు. కాకా విమానాశ్రయానికి తన లారీలోనే తీసుకువెళ్లి దించాడు. సంచిలో దాయె పెట్టిన దోషావ్ సీసాను తనిఖీవాళ్లు బయటపెట్టించారు. వాళ్లూ కుర్దులే, మార్చిలో నెవ్‌రోజ్ చేసుకున్నవాళ్లే. అయినా నియమం నియమం.

మరుసటి మార్చిలో కాకా నుంచి పండుగ కబురు వచ్చింది. తమ్ముడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. ఆ పచ్చడిని నిరుడు వాడు రొట్టెకు రాసుకుని తిన్నాడని, దాయె ఈసారి తనే చేస్తానంటోందని, మీ నెవ్‌రోజ్ ఎప్పుడని అడిగాడు. ఈ ఏడు మాది ఏప్రిల్ 8 అని రాశాను. పండుగ తేదీ మారడమేమిటని దాయె ఆశ్చర్యపోయి, ఆఖరికి, అయితే రెండుసార్లు వండుతాను, తప్పేముంది అందట. ఆమెకు మెంతుల చేదు నచ్చలేదు. అసలు చెట్టు ఏదో చూపించమంది. మా పెరట్లోని వేపచెట్టును, పూతను దగ్గరగా ఫొటో తీసి పంపాను.

ఏప్రిల్ మొదటి వారంలో జవాబుగా ఒక ఫొటో వచ్చింది. వాళ్ల గల్లీలో గోడ పక్కన ఒక చెట్టు. ఆకు అచ్చం వేపాకు పోలికే, పూలు మాత్రం లేత ఊదారంగు గుత్తులు. కింద దాయె ఒక పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, పళ్లెం సగం ఊదారంగు పూలతో నిండి ఉంది. అది తురకవేప. నీడకోసం ఇరాక్ నిండా నాటుతారు. దాని పండ్లు తింటే విషం. నా వేళ్లు వణుకుతూ ఉర్దూలో, కుర్దీలో, వచ్చిన నాలుగు అరబీ మాటల్లో ఒకేసారి తినవద్దని, పారబోయమని రాసి, అది చాలదని ఫోను చేశాను. నాలుగోసారికి కాకా ఎత్తాడు. నేను చెప్పింది విని, లోపలికి తిరిగి తల్లికి చెప్పాడు. అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు, తరువాత ఆమె గొంతు వినిపించాయి.

"ఏమంటోంది?" అన్నాను.

"ఒక రేకు నమిలి చూసిందట," అన్నాడు కాకా నవ్వుతూ. "చేదు సరిపోలేదు, ఎలాగూ పారబోద్దామనే అనుకుంటోందట."